సోపతి ఉంటే సముద్రాలు దాటొచ్చు!

బయల్దేరేది జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి. చేరాల్సింది అమెరికా. మధ్యలో రెండు మూడు విమానాలు, ముక్కూమొహం తెలియని దేశం, గుండెల నిండా బెంగ. వీటన్నింటినీ దాటించేది టికెట్టు ఒక్కటే కాదు... తోడు!

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవారు పూర్వం. అందుకే ఒంటరిగా ఎవరూ కాశీకి కదిలేవారు కాదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట దాదాపు వంద మంది ఉన్నారు. ఆ యాత్ర 15 నెలలకు పైగా సాగింది. ఇప్పుడు కాశీ పక్కూరంత దగ్గరైపోయింది. అప్పటి ఆ భయం, ఆ సందడి, ఆ వీడ్కోలు కన్నీళ్లు అన్నీ అమెరికా ప్రయాణానికి బదిలీ అయ్యాయి.

డల్లాస్‌లోనో షికాగోలోనో ఉన్న కొడుకు 'అమ్మా, టికెట్ బుక్ చేస్తున్నా' అనగానే ఇక్కడ ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ధర ఎంతని కాదు. 'సోపతి ఎవరన్న దొరికిన్రా?' అని. ఆ ఒక్క ప్రశ్న వాట్సప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. ఫలానా తేదీన అమ్మ బయల్దేరుతోంది, అదే విమానంలో ఎవరైనా తెలుగువాళ్లు ఉన్నారా అంటూ ఇంజినీరింగ్ స్నేహితుల నుంచి అపార్ట్‌మెంట్ పక్కింటివాళ్ల దాకా అందర్నీ అడుగుతారు. చివరికి ఎక్కడో ఒకచోట దొరుకుతారు. కొడుకు రూమ్మేటు వాళ్ల అమ్మ. కోడలి క్లాస్‌మేటు వాళ్ల అత్తగారు. ఒకరు జనగామ, ఇంకొకరు భూపాలపల్లి. అంతే, ఆ క్షణం నుంచి ఇద్దరూ వదినా మరదళ్లు!

సోపతి అన్న మాట ఉర్దూ 'సోహబత్' నుంచి వచ్చిందంటారు. అర్థం సాంగత్యం. తెలంగాణలో మాత్రం అందులో స్నేహం, తోడు, భరోసా మూడూ ఉన్నాయి. దాని అసలు బరువు తెలియాలంటే ఈ ప్రయాణం చేయాల్సిందే.

మూడు ఊళ్లు... మూడు దార్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ విడిపోయినప్పుడు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కానీ విమానం ఎక్కాలంటే మూడింటికీ ఒకటే గమ్యం, శంషాబాద్. అక్కడికి చేరే దార్లే వేరు.

జనగామ వాళ్లది సుఖమైన దారి. రైలెక్కితే సికింద్రాబాద్, రోడ్డెక్కితే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు. దారిలోనే పెంబర్తి. అక్కడి ఇత్తడి కళకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అమెరికాలో కొత్త ఇల్లు కొన్న కొడుకు కోసం అక్కడి దీపపు సెమ్మె తీసుకున్న తల్లులకు, సూట్‌కేసు తూకం వేసేటప్పుడు తెలుస్తుంది కష్టం!

మానుకోట... అంటే మహబూబాబాద్ వాళ్లకు రైలే ఆధారం. విజయవాడ వైపు నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్సో గోల్కొండో ఎక్కితే వరంగల్, కాజీపేట, జనగామ దాటి సికింద్రాబాద్. రైళ్ల ఆలస్యం సంగతి తెలిసినవాళ్లు గనుక ఒకరోజు ముందే వెళ్లి, హైదరాబాద్‌లో చుట్టాలింట్లో మకాం వేస్తారు.

భూపాలపల్లికి రైలు లేదు. బొగ్గు గనుల ఊరు అది. ఒకపక్క సింగరేణి, మరోపక్క చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం. అక్కడి నుంచి పరకాల మీదుగా హనుమకొండ, ఆపైన హైదరాబాద్ రోడ్డు. తెల్లవారుజామున 4 గంటలకు విమానమంటే ముందురోజు మధ్యాహ్నం భోజనం కాగానే కారెక్కాల్సిందే. అమెరికా ప్రయాణంలో మొదటి అయిదారు గంటలు తెలంగాణ రోడ్ల మీదే గడుస్తాయన్నమాట.

విదేశీ ప్రయాణం ఈ నేలకు కొత్తేం కాదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో 1909 నుంచి పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్లారు. అప్పటికి ప్రయాణికుల విమానాల్లేవు. వారాల తరబడి ఓడ ప్రయాణం. దేశదేశాల నుంచి వచ్చిన పెద్దల ముందు ఆయన అడిగింది డబ్బు కాదు. మీరు మాకు ఎన్నో ఇచ్చారు, ఇక స్నేహితుల్ని ఇవ్వండి అని! తెల్లదొరలు భారతీయుల్ని పక్కన కూర్చోబెట్టుకోని రోజుల్లో అంత మాట అనడం సాహసమే. 1912లో ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. సముద్రాలు దాటి వెళ్లి స్నేహాన్ని అడిగిన మనిషి ఊరు మీదుగానే మానుకోట రైళ్లు ఇప్పటికీ వస్తుంటాయి.

సూట్‌కేసులో సగం ఊరు

అమెరికా టికెట్టు మీద చాలా విమానాల్లో ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్లొచ్చు. చేతిలో ఇంకో 7 కిలోలు. వినడానికి చాలా ఎక్కువనిపిస్తుంది. మానుకోట మిరప్పొడితో కలిపిన మామిడికాయ తొక్కు, సకినాలు, గరిజెలు, నువ్వుల లడ్డూలు, మనవరాలికి పట్టు లంగా సర్దేసరికి తూకం ముల్లు 25 దాటుతుంది. ఇద్దరు సోపతులుంటే ఇక్కడే మొదటి లాభం. ఒకరి పెట్టెలో బరువు ఎక్కువైతే రెండోవారి పెట్టెలోకి సర్దేస్తారు. కానీ దానికీ ఓ పద్ధతుంది. ఎదుటివాళ్ల పొట్లంలో ఏముందో కళ్లారా చూడకుండా పెట్టెలో వేసుకోకూడదు. కస్టమ్స్ వాళ్లు అడిగేది పెట్టె ఎవరిదని... పొట్లం ఎవరు కట్టారని కాదు!

అన్నింటికంటే చిక్కు ఒడిబియ్యంతో. ఆడబిడ్డకు ఒడినింపడం తెలంగాణ తల్లికి ప్రాణం. బియ్యం, పసుపు, కుడుకలు, రవికె గుడ్డ అన్నీ మూటగట్టి సిద్ధంగా పెట్టుకుంటుంది. తీరా చూస్తే ఎండు కుడుకల్లో నూనె ఎక్కువ, మండే గుణం ఉంది కాబట్టి విమానాశ్రయంలో తీసేయిస్తారు. బియ్యాన్ని అమెరికాలో దిగగానే ఆపేస్తారు. మన దేశం నుంచి వెళ్లే బియ్యంలో ధాన్యాన్ని పాడుచేసే ఖప్రా పురుగు ఉండొచ్చని వాళ్ల భయం. కరివేపాకుకీ అదే గతి. అది నిమ్మజాతికి చెందిన మొక్క. దాంతోపాటు నిమ్మ, నారింజ తోటల తెగులు వస్తుందని నిషేధం. మాంసం పచ్చళ్లూ కుదరవు. అందుకే తెలిసినవాళ్లు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్తారు. బియ్యం అక్కడి ఇండియన్ కొట్లో కొంటారు. ఒడి అక్కడే నిండుతుంది. పెట్టేది అమ్మ చెయ్యేగా!

గుమ్మం దాకే చుట్టాలు

ఒకప్పుడు వీసా ఇంటర్వ్యూ కోసమే చెన్నై రైలెక్కాల్సి వచ్చేది. 2008లో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ మొదలయ్యాక, మరుసటి ఏడాది నుంచి ఆ బాధ తప్పింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు మారింది. శంషాబాద్ విమానాశ్రయం కూడా 2008 మార్చిలోనే వచ్చింది. ఆ తర్వాత ఈ దారిలో రద్దీ పెరుగుతూనే ఉంది. 2023-24లో అమెరికాలో చదువుకున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. మిగతా దేశాలన్నింటికంటే ఎక్కువ. పిల్లలు వెళ్లిన దారిలోనే కొన్నేళ్లకు తల్లిదండ్రులు.

విచిత్రమేమిటంటే భార్యాభర్తలు కలిసి వెళ్లడం తక్కువ. కూతురి పురుడుకి మొదటి ఆరు నెలలు అమ్మ వెళ్తే, తర్వాతి ఆరు నెలలు అత్తగారో నాన్నో. ఒకరు వెళ్తే ఇక్కడ పొలం, ఇల్లు, బర్రెలు చూసుకోడానికి ఇంకొకరు ఉండాలి. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కరోజూ ఒంటరిగా వరంగల్ దాటని మనిషి ఒక్కసారిగా ఖండాలు దాటాలి. అందుకే సోపతికి అంత గిరాకీ.

ఒక మనిషిని ఎక్కించడానికి రెండు కార్లలో పది మంది వస్తారు. కానీ టెర్మినల్ తలుపు దగ్గర టికెట్, పాస్‌పోర్టు చూసి ప్రయాణికుల్ని మాత్రమే లోపలికి పంపుతారు. అద్దాల అవతల చేతులూపుతున్న మనవళ్లు, ఇవతల బోర్డింగ్ పాస్ కోసం వరుస. అప్పుడు మొదలవుతుంది ఆ ఇద్దరి ప్రయాణం.

'వదినె, పాస్‌పోర్టు ఉన్నదా?'

'ఉన్నది. నీదున్నదా?'

మరుసటి రోజు దాకా ఈ రెండు వాక్యాలు కనీసం యాభైసార్లు వినిపిస్తాయి.

ఎలుగుబంటి దగ్గర కలుద్దాం

హైదరాబాద్ నుంచి అమెరికాకు ఒకే విమానంలో వెళ్లే సదుపాయం 2021 జనవరిలో షికాగోకు మొదలైంది కానీ నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్... ఎవరి దారి వారిది. దోహా దారినే తీసుకుంటే, మొదటి విమానం నాలుగు గంటల పైచిలుకు. సీటు బెల్టు పెట్టుకోవడం, టాయిలెట్ తలుపు మధ్యలో నొక్కితే మడతపడి తెరుచుకుంటుందని తెలుసుకోవడం, చెవులు గడియపడితే చప్పరించడానికి పిప్పరమెంటు... పాఠాలన్నీ ఇందులోనే అయిపోతాయి.

అసలు పరీక్ష దోహాలో. 2014లో తెరిచిన హమద్ విమానాశ్రయం ఓ పెద్ద ఊరంత ఉంటుంది. మన గడియారం కంటే అక్కడ రెండున్నర గంటలు వెనక. తర్వాతి విమానం గేటు ఎక్కడో, ఎంత దూరమో తెలియదు. ఇక్కడే చాలా జంటలు విడిపోతాయి. కారణం వింతగా ఉంటుంది. వీల్‌చైర్!

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే కాదు, భాష రాదన్న భయంతోనూ పిల్లలు అమ్మానాన్నలకు వీల్‌చైర్ అడుగుతారు. వీల్‌చైర్ ప్రయాణికుల్ని సిబ్బంది ఒక దారిలో తీసుకెళ్తారు. నడిచేవాళ్లు మరో దారిలో. ఒకరికి వీల్‌చైర్ ఉండి రెండోవారికి లేకపోతే విమానం దిగిన పది నిమిషాల్లో ఇద్దరూ చెరో దిక్కు! ఆ తర్వాత రెండు గంటలు ఒకరికోసం ఒకరు వెతుక్కోవడమే. అనుభవమున్నవాళ్లు ముందే ఓ గుర్తు చెప్పుకుంటారు. దోహాలో అయితే ఆ గుర్తు పెద్ద పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ. ఉర్స్ ఫిషర్ అనే స్విట్జర్లండ్ కళాకారుడు చేసింది. దాదాపు 7 మీటర్ల ఎత్తు, తలలోంచి ఓ దీపం. ఎవరిని అడిగినా చూపిస్తారు. 'తప్పిపోతే ఎలుగుబంటి కాడికి రా' అనుకుంటే చాలు. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్లకు గద్దెల దగ్గరో చెట్టు దగ్గరో కలుద్దామని చెప్పుకున్నట్టే ఇది కూడా. ఊరు మారింది, ఉపాయం మారలేదు.

ఆ రోజుకి 34 గంటలు

రెండో విమానం... దోహా నుంచి డల్లాస్‌కు 16 గంటల పైమాటే. సినిమాలు చూసినా, నిద్రపోయినా, మాట్లాడుకున్నా తరగని సమయం. కాళ్లు వాచిపోకుండా గంటా రెండు గంటలకోసారి లేచి నడవాలి. నీళ్లు తాగాలి. ఇద్దరుంటే ఒకరు మరిచినా ఇంకొకరు లేపుతారు. ఒంటరి మనిషి పక్కవాళ్లను ఇబ్బంది పెట్టడమెందుకని బిగుసుకుని కూర్చుంటుంది, నీళ్లు కూడా తాగకుండా!

భోజనంలోనూ ఓ మెలిక ఉంది. శాకాహారులు కదా అని పిల్లలు 'హిందూ మీల్' ఎంచుకుంటారు. పళ్లెం మూత తీస్తే కోడికూర! ఆ పేరుకు అర్థం గొడ్డుమాంసం ఉండదని మాత్రమే. పూర్తి శాకాహారం కావాలంటే 'ఏషియన్ వెజిటేరియన్ మీల్' అని రాయించాలి. అది మరిచిపోయినవాళ్లను ఆదుకునేది పక్క సీటు సోపతి సంచిలోని పులిహోర, సకినాలే.

తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కినవాళ్లు అదే తేదీ సాయంత్రానికి డల్లాస్‌లో దిగుతారు. మనకూ అక్కడికీ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. అంటే ఆ ఒక్క రోజుకి 34 గంటలకు పైనే! దిగాక వారం రోజులు పగలు నిద్ర, రాత్రి మెలకువ. భూపాలపల్లి వాళ్లకు ఇది తొందరగానే అర్థమవుతుంది. గనిలో రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి కోసం పగలు కిటికీలు మూసి, పిల్లల్ని అరవకుండా ఆపిన ఇల్లాళ్లు వాళ్లు. ఇప్పుడా నిద్ర తమ వంతు!

గీత దాటేటప్పుడు ఎవరికి వారే

అన్నింటికంటే కఠినమైనది ఇంకా మిగిలే ఉంది. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్. ఒకే ఇంటివాళ్లయితే కలిసి పిలుస్తారు. సోపతులైతే ఒక్కొక్కరే వెళ్లాలి. వేలిముద్రలు, ఫొటో, రెండు మూడు ప్రశ్నలు. ఎందుకొచ్చారు, ఎవరింటికి, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా? తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. కొన్నిచోట్ల ఫోన్లో కలుపుతారు. చాలామందికి అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఒక్కోసారి మాత్రం ఒకర్ని పంపించేసి, రెండోవారిని ఇంకొన్ని ప్రశ్నలకని పక్క గదిలో కూర్చోబెడతారు.

ఇప్పుడేం చేయాలి? అవతల మూడో విమానం. డల్లాస్ నుంచి చిన్న ఊరికి గంటన్నర ప్రయాణం. బెల్టు మీద తిరుగుతున్న పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. సోపతిని వదిలేసి వెళ్తే ద్రోహం చేసినట్టు మనసు పీకుతుంది. ఆగితే విమానం పోతుంది. పైగా ఆ హాల్లో ఆగనివ్వరు, ఫోన్లు మాట్లాడనివ్వరు. భాష రాని ఇద్దరు పెద్దవాళ్లు ఒకరికోసం ఒకరు చిక్కుకుపోతే, బయట ఎదురుచూస్తున్న రెండు కుటుంబాలకూ ఏమైందో చెప్పేవాళ్లే ఉండరు.

ముందుకెళ్లిన మనిషే ఆ పని చేయగలదు. బయటకు రాగానే సోపతి కొడుక్కి ఫోన్ చేసి 'మీ అమ్మను లోపల కూసోబెట్టిన్రు బిడ్డా, మంచిగనే ఉన్నది' అని చెప్పే ఆ ఒక్క మాట విలువ, పక్కనే కూర్చుని ఏడ్చే తోడు కంటే ఎక్కువ. లోపలున్నావిడ గుండె కూడా గట్టిగానే ఉంటుంది, బయట తన కబురు అందుతుందని తెలుసు గనుక. సోపతంటే ఎప్పుడూ చెయ్యి పట్టుకుని నడవడం కాదు. చెయ్యి వదలాల్సి వచ్చినప్పుడు ఎవరేం చేయాలో ముందే మాట్లాడుకోవడం. దూరప్రయాణం నేర్పేది అదే.

బయల్దేరకముందే...

అందుకే ఇంట్లోనే కూర్చుని కొన్ని అనుకోవాలి. రెండు కుటుంబాల ఫోన్ నంబర్లు, అమెరికా చిరునామాలు ఇద్దరి దగ్గరా కాగితం మీద రాసి ఉండాలి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే కాగితమే దిక్కు. ఎవరి పాస్‌పోర్టు, మందులు వారి దగ్గరే ఉండాలి. ఒకరివి ఇంకొకరి సంచిలో వద్దు. మందులతోపాటు డాక్టరు చీటీ తప్పనిసరి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. టికెట్లు వేర్వేరుగా కొన్నట్టయితే, ఇద్దరి బుకింగులనూ జతచేయమని విమానసంస్థను అడగాలి. లేదంటే మధ్యలో విమానం తప్పినప్పుడు ఒకర్ని ఇవాళ్టి విమానంలో, ఇంకొకర్ని రేపటి దాంట్లో పంపే ప్రమాదముంది. వీల్‌చైర్ అడిగితే ఇద్దరూ ఒకేలా అడగాలి, నిజంగా అవసరముంటేనే. నడవలేని ఇంకొకరికి అది దొరక్కుండా పోకూడదు కదా. చేయిచూపి దారి చెప్పే మనిషి చాలనుకుంటే అలాంటి సేవలూ విమానాశ్రయాల్లో ఉన్నాయి.

రెండిళ్లు, ఒక ఫోను

చివరికి అద్దాల తలుపులు తెరుచుకుంటాయి. అవతల కొడుకు, కోడలు, పూలగుత్తితో మనవడు. పెట్టెలు బండిలో వేసుకునే తొందరలో సోపతికి సరిగ్గా చెప్పిరావడం కూడా కుదరదు. ఆమెది ఒక ఊరు, ఈమెది ఇంకో ఊరు. మధ్యలో మూడు గంటల కారు ప్రయాణం.

పది రోజులు గడుస్తాయి. కొడుకూ కోడలూ ఆఫీసులకు, పిల్లలు బడికి. తలుపు తీస్తే వీధిలో మనిషి కనిపించడు. కూరగాయల బండి అరుపు లేదు, పక్కింటి గొడవ లేదు. ఇండియాకు ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. అప్పుడు గుర్తొస్తుంది ఆ నంబరు. 'ఏం జేస్తున్నవ్ వదినె?' అంటే అవతల నుంచి 'ఏమున్నది, గోడలు లెక్కవెడుతున్న' అన్న జవాబు. ఇద్దరూ నవ్వుకుంటారు. మానుకోటలో మిర్చి ధర, జనగామలో పెళ్లి, భూపాలపల్లిలో కొత్తగా పడ్డ వాన... అన్నీ ఆ ఫోన్లోనే. ప్రయాణం కోసం వెతుక్కున్న తోడు, ప్రయాణం అయిపోయాకే అసలు పనికొస్తుంది.

ఆర్నెల్ల గడువు దగ్గరపడుతుంటే కొడుకు తిరుగు టికెట్ తేదీ ఖాయం చేద్దామంటాడు. కిటికీ సీటా, నడవా పక్కదా అని అడుగుతాడు.

'ఏదైనా ఒకటే గానీ... మీ భూపాలపల్లి అత్త ఏ తారీఖున పోతున్నదో ముందుగాల అడుగు బిడ్డా!'